పిల్లలకు గుండె మార్పిడి: జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకునే విధానం

పుట్టుకతో గుండె లోపం ఉన్న పిల్లల్లో ఎక్కువ మందికి ఆపరేషన్‌తోనే మేలవుతుంది. ఒకటి రెండు ఆపరేషన్ల తర్వాత కూడా గుండె నీరసించిపోతూ, మందులకు లొంగని దశకు చేరినప్పుడే డాక్టర్లు మార్పిడి మాట ఎత్తుతారు. ఆ మాట వినగానే చాలామంది తల్లిదండ్రులు తెలంగాణ ప్రభుత్వ అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్ వెబ్‌సైట్ తెరిచి తామే ఫారం నింపేస్తారు. అక్కడ మనంతట మనం నింపగలిగేది అవయవదాతగా ఇచ్చే ప్రతిజ్ఞాపత్రం మాత్రమే. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి ప్లాస్టిక్ కవరులోంచి లామినేషన్ చేయించిన కార్డు తీసి, పాప పేరు ఎక్కించి నాలుగు నెలలైందని నాకు చూపించాడు. అది దాత కార్డు, దాని మీద ఉన్నది ఆయన పేరు.

గుండె కావలసిన బిడ్డ పేరును మార్పిడికి అనుమతి ఉన్న ఆసుపత్రి మాత్రమే నమోదు చేయగలదు. హైదరాబాద్ పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా 2013 నుంచి నడుస్తున్న జీవన్‌దాన్, ఆసుపత్రులు పంపిన పేర్లతోనే జాబితా నడుపుతుంది. రక్తం గ్రూపు, ఎకో (గుండె స్కానింగ్), కాథెటర్ అనే సన్నని గొట్టంతో ఊపిరితిత్తుల రక్తపీడనం కొలిచే పరీక్ష, ఇన్‌ఫెక్షన్ల పరీక్షలు, టీకాల కార్డు, ఆధార్, జనన ధ్రువపత్రం వంటివన్నీ ఆసుపత్రి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ వరుసగా అడిగి తీసుకుంటారు. వీటి దగ్గర పెద్దగా ఇబ్బంది రాదు.

ఇబ్బంది వచ్చేది పాత ఆపరేషన్ నోట్స్ దగ్గర. అందరి దగ్గరా ఉండేది డిశ్చార్జ్ సమ్మరీ. అందులో ఆపరేషన్ గురించి ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండవు. ఏ రక్తనాళాన్ని దేనికి కలిపారో, ఏ పదార్థంతో అతుకు వేశారో తెలిస్తేనే, దాత నుంచి గుండెతో పాటు రక్తనాళాన్ని ఎంత పొడవున తీసుకోవాలో సర్జన్ ముందే నిర్ణయించుకోగలరు; అప్పట్లో ఎక్కించిన రక్తం వల్ల బిడ్డ ఒంట్లో కొత్త గుండెను తిరస్కరించే యాంటీబాడీలు పెరిగి ఉండవచ్చు కనుక ఆ వివరమూ కావాలి. మొదటి ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలోని మెడికల్ రికార్డ్స్ విభాగానికి ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చిన నంబరు) రాసి, లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యవృత్తి నిబంధనలు చెబుతున్నాయి. అయితే అవే నిబంధనల ప్రకారం రికార్డులు దాచవలసిన గడువు మూడేళ్లే, అందుకే మార్పిడి ఊసు లేనప్పుడే ఈ కాగితాలు తెచ్చి పెట్టుకోవడం మేలు.

నెలల పసికందుగా ఆపరేషన్ జరిగి ఉంటే ఇంకో చిక్కు ఉంటుంది. పాత కాగితాల్లో ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరు, ఆధార్‌లో బిడ్డ పేరు ఉంటాయి. ఈ ఒక్క తేడాతో కౌంటర్ దగ్గర వెనక్కి పంపితే, మెట్ల మీద కూర్చుని ఏడ్చిన తల్లిని చూశాను. భయపడవలసిన పని లేదు. జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు ఇంకా చేర్చకపోతే మీసేవ ద్వారా చేర్పించండి, పదిహేనేళ్ల వయసు వరకు అవకాశం ఉంది. ఆ పత్రం చూపించి, రెండు పేర్లూ ఒకే బిడ్డవని పాత ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఒక లేఖ రాయించుకోండి.

ఖర్చు విషయానికి వస్తే, 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలు. మీ ఆసుపత్రిలో ఈ చికిత్సకు అది ఎంతవరకు వర్తిస్తుందో ముందుగా అక్కడ ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఉద్యోగి అయిన ఆరోగ్యమిత్రను అడగండి. ముఖ్యమంత్రి సహాయ నిధికైనా, ప్రధానమంత్రి సహాయ నిధికైనా ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా పత్రం అసలు ప్రతి కావాలి. జాబితాలో పేరు పైకి తెస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. బ్రెయిన్ డెడ్ అయిన దాత నుంచి తప్ప గుండె రాదు, అవయవాల బేరానికి చట్టం ఐదు నుంచి పదేళ్ల జైలు విధిస్తుంది.

పేరు ఎక్కాక ఫోను ఎప్పుడూ పనిచేస్తూ ఉండాలి, ఊరు కదిలినా బిడ్డకు జ్వరం వచ్చినా కోఆర్డినేటర్‌కు చెప్పాలి. తీసిన గుండెను సుమారు నాలుగు గంటల్లో అమర్చాలి. 2025 జనవరిలో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు మెట్రో రైలులో 13 నిమిషాల్లో గుండెను చేర్చింది అందుకే. పిల్లలకు దాతను బరువు చూసి కూడా కుదురుస్తారు కాబట్టి, ప్రతి చెకప్‌లో తూచిన బరువును నమోదులోనూ మార్పించండి.