ఇనుప ద్రావణం కొట్టినా పచ్చిక ఎందుకు పాలిపోయే ఉంటుంది?

ఇంటి ముందు వేసుకున్న కొరియన్ గడ్డి గానీ బెర్ముడా గడ్డి గానీ పసుపు తిరిగితే, మన దగ్గర చాలామంది ముందుగా చేసే పని అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) ద్రావణం పిచికారీ చేయడం. వేరుశనగలోనూ బత్తాయి తోటల్లోనూ ఇనుప ధాతువు లోపించినప్పుడు రైతులు ఎంతోకాలంగా చేస్తున్నది అదే కనుక ఆలోచనలో తప్పు లేదు. అయినా ఫలితం రాలేదంటే లోపం గడ్డిది కాకపోవచ్చు. చాలాసార్లు అది స్ప్రేయర్ డబ్బాలోనే, నీళ్లు పోసిన క్షణం నుంచే మొదలై ఉంటుంది.

మందు కలిపే ముందు నాలుగు పోచలు తుంచి వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఇనుము మొక్కలో పాత ఆకుల నుంచి కొత్త ఆకులకు కదలదు కాబట్టి, దాని లోపం లేత ఆకుల్లోనే ముందు కనిపిస్తుంది. ఈనెలు ఆకుపచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపు చారలుగా పాలిపోతుంది. అలా కాక అడుగున ఉన్న ముదురు ఆకులు మొత్తంగా పాలిపోయి, గడ్డి ఎదుగుదల కూడా మందగించి ఉంటే అది నత్రజని లోపం, దానికి ఎంత ఇనుము కొట్టినా పెద్దగా ప్రయోజనం ఉండదు. సందేహంగా ఉంటే ఒక గజం జాగాలో అన్నభేది ద్రావణాన్ని, పక్క గజంలో లీటరుకు 10 గ్రాముల యూరియా కలిపిన నీటిని కొట్టి వారం రోజులు గమనించండి. ఇనుము లోపమే అయితే రెండు మూడు రోజుల్లోనే మొదటి గజం రంగు తేరుకుంటుంది.

ఇక నీటి సంగతి. బోరు నీటిలో బైకార్బొనేట్లు (నీటికి క్షారగుణం ఇచ్చే లవణాలు) ఎక్కువగా ఉన్నచోట అన్నభేదిలోని ఫెర్రస్ ఇనుము గాలి తగిలి త్వరగా ఫెర్రిక్ రూపానికి మారి, తుప్పు మడ్డిగా అడుగుకు దిగిపోతుంది. ఆ మడ్డి ఆకులోకి పోదు, నాజిల్‌ను మాత్రం మూసేస్తుంది. దీన్ని కంటితో చూడాలంటే రెండు గాజు గ్లాసుల్లో మీ బోరు నీరే తీసుకోండి. ఒకదానిలో చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి, ఆ తర్వాత రెండింటిలోనూ చిటికెడు చొప్పున అన్నభేది వేసి ఒక గంట కదపకుండా ఉంచండి. నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువైతే నిమ్మ ఉప్పు లేని గ్లాసు టీ రంగుకు తిరిగి అడుగున గోధుమ రంగు పొర కడుతుంది, రెండోది దాదాపు తేటగానే ఉంటుంది. అందుకే నిమ్మ ఉప్పే ముందు, అన్నభేది తర్వాత. లీటరు నీటికి 1 గ్రాము నిమ్మ ఉప్పు, 5 గ్రాముల అన్నభేది చొప్పున కలిపి, గుడ్డతో వడకట్టి, అదే రోజు కొట్టేయాలి. నిమ్మ ఉప్పు వేసినా రంగు మారుతుంటే ఆ బోరు నీటిని వదిలి వాన నీరు వాడడం మేలు.

అన్నభేది కొనేటప్పుడు కూడా స్ఫటికాలు లేత ఆకుపచ్చగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. గోధుమ రంగుకు తిరిగిన సరుకు డబ్బా దాటక ముందే పాడైపోయినట్టు లెక్క. శ్రమ తగ్గుతుందని చాలామంది డీఏపీనో 19-19-19నో, అంటే భాస్వరం ఉన్న ఎరువులను, అదే డబ్బాలో కలుపుతారు, అయితే భాస్వరం ఇనుముతో కలిసి కరగని పదార్థంగా మారుతుంది కనుక రెండూ వృథా అవుతాయి. చిలేటెడ్ ఇనుము (మడ్డిగా మారకుండా పట్టి ఉంచే పదార్థంతో కలిపిన ఇనుము) వాడేవారు డబ్బా మీద రాసిన మోతాదునే పాటించాలి, అన్నభేది లెక్క దానికి పనికిరాదు.

పిచికారీ తర్వాత గడ్డి నల్లబడిందంటే మోతాదు మించింది, లేదా ఎండలో కొట్టారు. వంద గజాలకు 10 లీటర్ల ద్రావణం చాలు. చల్లని సాయంత్రం, ఆకు తడిసి నీరు కారకుండా, మంచులా పడేలా కొట్టాలి. ఒక ఏప్రిల్‌లో నేను మిట్టమధ్యాహ్నం కొట్టిన చిన్న మడి మర్నాటికి బొగ్గు రంగు తిరిగింది. బెంబేలెత్తి మళ్లీ మళ్లీ నీరు పెట్టాను, కానీ నిజానికి చేయవలసింది వేచి ఉండడమే, ఎందుకంటే రెండు కోతలు అయ్యేసరికి మాడిన కొసలు పోయి కింద నుంచి మంచి ఆకు వచ్చింది. ముదురు, లేత చారలు పడితే అది నడకలో తేడా. సగం సగం మోతాదును నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొడితే సరిపోతుంది.

ఆకుపై కొట్టిన ఇనుము ప్రభావం రెండు నుంచి నాలుగు వారాలే, కోత కోసిన కొద్దీ అది కత్తిరించుకుపోతుంది కూడా. అంతకన్నా ముందే పసుపు తిరిగి వస్తుంటే నేలను పరీక్ష చేయించాలి. ప్రహరీ గోడ వెంబడి మాత్రమే గడ్డి పాలిపోతుందంటే, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, సున్నం అక్కడ మట్టిలో కలిసిపోయి ఉండే అవకాశం ఎక్కువ. జానెడు లోతు తవ్వి ఆ చెత్త తీసి, చివికిన పశువుల ఎరువుతో కొత్త మట్టి నింపడమే అసలు చికిత్స. నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.5 దాటినచోట నేలకు వేయదలచుకుంటే అన్నభేది, ఈడీటీఏ రకం చిలేట్ నిలవవు, ఈడీడీహెచ్ఏ రకం చిలేటే పనిచేస్తుంది. అది ఖరీదైనదే, కానీ మాటిమాటికీ పిచికారీ చేసే బాధ తప్పుతుంది. నీరు నిలిచే జాగాలో మాత్రం ముందు తడులు తగ్గించి చూడండి, వేర్లకు గాలి ఆడక పాలిపోయిన గడ్డి కొన్నిసార్లు ఏ మందూ లేకుండానే తేరుకుంటుంది.

పని మొదలుపెట్టే ముందే పక్కనున్న బండల మీద పాత పట్టా కప్పండి. తాండూరు, షాబాద్ బండల మీద చుక్క పడితే ఆరకముందే నీటితో కడగాలి; అవి సున్నపు రాళ్లు కనుక తుప్పు మరక వదలడానికి యాసిడ్ పోస్తే మరకతో పాటు నునుపూ పోతుంది. బ్లీచింగ్ నీళ్లు అసలు పోయకూడదు, మరక ఇంకా గట్టిపడుతుంది. చివరగా స్ప్రేయర్‌లో మంచినీళ్లు నింపి నాజిల్ గుండా రెండుసార్లు వదలాలి, లేకపోతే లోపల మిగిలిన ద్రావణం ఆరి తుప్పు పొరగా అంటుకుని వచ్చే నెల మీ ఫిల్టర్‌లో కనిపిస్తుంది.