సర్వర్, నెట్‌వర్క్ మానిటరింగ్ పెట్టేటప్పుడు ఏం చూసుకోవాలి

చాలామంది టూల్ దగ్గరే ఆగిపోతారు, జాబిక్స్ బెటరా ప్రొమీథియస్ బెటరా (రెండూ సర్వర్లు, నెట్‌వర్క్ బాగానే నడుస్తున్నాయా అని కనిపెట్టి చూసే సాఫ్ట్‌వేర్లు) అని వారాల తరబడి వాదనలు నడుస్తాయి. రెండూ మంచివే, మీ టీమ్‌లో ఎవరికి ఏది చేతిలో ఉంటే అది పెట్టేయండి. దానికంటే ముందు ఒక షీట్ తెరిచి మన దగ్గర ఉన్నవన్నీ రాసుకోండి, సర్వర్లు, స్విచ్‌లు, రౌటర్లు, ఫైర్‌వాల్, డేటాబేస్, బ్యాకప్ జాబ్‌లు, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్లు, డొమైన్లు. ప్రతిదాని పక్కన రెండు ముక్కలు రాయండి: ఇది ఆగితే ఎవరి పని ఆగుతుంది, అప్పుడు ఎవరు లేచి చూడాలి. ఈ రెండో గడి ఖాళీగా ఉన్నవాటికి అలర్ట్ పెట్టినా చూసే దిక్కుండదు.

మొదటి చెక్ ఎప్పుడూ బయటి నుంచే, అంటే యూజర్ ఎలా వస్తాడో అలాగే. పింగ్‌కి (ఉన్నావా అని అడిగే చిన్న మెసేజ్) జవాబు వస్తోంది కదా సర్వర్ బాగానే ఉంది అనుకోవద్దు, అప్లికేషన్ చచ్చిపోయినా కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, పింగ్‌కి జవాబిస్తూనే ఉంటుంది. లాగిన్ పేజీ తెరిచి, అందులో ఉండాల్సిన ఒక మాట ఉందో లేదో, ఎన్ని సెకన్లలో వచ్చిందో చూసే చెక్ పెట్టండి. ప్రొమీథియస్ వాడేవాళ్ళకి దీనికి బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్ అనే టూల్ ఉంది, సర్టిఫికెట్ ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుందో కూడా అదే చెప్తుంది. రెస్పాన్స్ టైమ్‌కి యావరేజ్ మాత్రం నమ్మొద్దు, వందలో ఏడుగురు పది సెకన్లు వెయిట్ చేస్తున్నా యావరేజ్ చూడ్డానికి బాగానే ఉంటుంది, 95వ పర్సెంటైల్ చూడండి, అంటే వందలో 95 రిక్వెస్ట్‌లు ఎంత టైమ్‌లోపు పూర్తయ్యాయో.

తర్వాత సర్వర్ లోపలికి. మెమరీలో ఫ్రీ తక్కువుందని కంగారు పడక్కర్లేదు, లినక్స్ ఖాళీ ర్యామ్‌ని క్యాష్‌కి వాడుకుంటుంది, చూడాల్సింది అవైలబుల్, అంటే ప్రోగ్రామ్‌లు అడిగితే ఇవ్వగలిగే మెమరీ. లోడ్ యావరేజ్ (నడుస్తున్న, వెయిట్ చేస్తున్న ప్రాసెస్‌ల సగటు సంఖ్య) పెరిగిందంటే సీపీయూ బిజీ అనే కాదు, డిస్క్ కోసం ఆగిపోయిన ప్రాసెస్‌లు కూడా అందులో కలుస్తాయి.

డిస్క్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతా. ఒకసారి రాత్రి మా అప్లికేషన్ లాగిన్లు తీసుకోవడం మానేసింది, లాగ్‌లో స్పేస్ లేదు అని ఎర్రర్, డీఎఫ్ (డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూపే కమాండ్) కొడితే దాదాపు సగం డిస్క్ ఖాళీ. అరగంట అటూ ఇటూ వెతికాక డీఎఫ్‌కి మైనస్ ఐ ఆప్షన్ ఇచ్చి చూస్తే ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్ వివరాలు దాచే గళ్ళు) 100 శాతం నిండిపోయి ఉన్నాయి, పాత సెషన్ ఫైళ్ళు లక్షల్లో పేరుకుపోయాయి, ఒక్కోటీ చిన్నదే కానీ ఒక్కోటీ ఒక ఐనోడ్ తినేసింది. ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్ సిస్టమ్‌లో ఫార్మాట్ చేసేటప్పుడే ఐనోడ్‌ల లెక్క ఖరారైపోతుంది. అందుకే స్పేస్‌కి ఒక అలర్ట్, ఐనోడ్‌కి ఇంకో అలర్ట్, రెండూ పెట్టండి. ఇంకోటి, 90 శాతం దాటితే కేక పెట్టు అనేది మొద్దు రూల్. 10 టీబీ డిస్క్‌లో 10 శాతం అంటే ఇంకా 1 టీబీ ఉన్నట్టే, చిన్న డిస్క్‌లో అదే 10 శాతం ఒక్క గంటలో అయిపోవచ్చు. ప్రొమీథియస్‌లో ప్రెడిక్ట్ లీనియర్ అనే ఫంక్షన్ ఉంది, గత ఆరు గంటల ట్రెండ్ చూసి ఇంకో 24 గంటల్లో నిండుతుందా అని అడగొచ్చు, ఆ అలర్ట్ వస్తే నిజంగా పని ఉన్నట్టే.

నెట్‌వర్క్ వైపు ఎస్ఎన్ఎంపీ తప్పదు, స్విచ్‌లు, రౌటర్ల నుంచి లెక్కలు అడిగి తెచ్చుకునే పద్ధతి అది. అందులో పాస్‌వర్డ్ లాంటి కమ్యూనిటీ స్ట్రింగ్‌ని పబ్లిక్ అని వదిలేయకండి, డివైస్ సపోర్ట్ చేస్తే వెర్షన్ 3 పెట్టి పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ రెండూ ఆన్ చేయండి, యూడీపీ 161 పోర్ట్ మానిటరింగ్ సర్వర్‌కి మాత్రమే తెరవండి. ట్రాఫిక్ గ్రాఫ్ దగ్గర చాలామంది పడే గుంత ఒకటుంది. ఎన్ని బైట్లు వెళ్ళాయో లెక్కపెట్టే పాత 32 బిట్ కౌంటర్ సుమారు 4.29 జీబీ దాటగానే మళ్ళీ సున్నాకి వస్తుంది, 1 జీబీపీఎస్ లింక్ ఫుల్‌గా నడిస్తే అది 34 సెకన్లలోనే అయిపోతుంది. మీరేమో ఐదు నిమిషాలకోసారి చదువుతారు, మధ్యలో ఎన్నిసార్లు తిరిగిందో ఎవరికీ తెలీదు, గ్రాఫ్‌లో లింక్ ఖాళీగా కనిపిస్తుంది, అక్కడ యూజర్లు స్లో అని మొత్తుకుంటుంటారు. పేరులో హెచ్‌సీ ఉండే 64 బిట్ కౌంటర్లు తీసుకోండి, అవి వెర్షన్ 1లో రావు, 2సీ గానీ 3 గానీ కావాలి. ట్రాఫిక్‌తో పాటు ఎర్రర్లు, డిస్కార్డ్‌లు (డివైస్ వదిలేసిన ప్యాకెట్లు) కూడా తీసుకోండి, కేబుల్ పాడైతే ముందు తెలిసేది అక్కడే.

ఇక అలర్ట్‌లు, నా దృష్టిలో అసలు పని ఇక్కడే. రాత్రి ఫోన్ మోగాలంటే అప్పటికప్పుడు మనిషి చేయాల్సిన పని ఒకటి ఉండాలి. రేపు పొద్దున చూసినా సరిపోయేది టికెట్‌గా వెళ్ళాలి, ఊరికే తెలిస్తే చాలు అనేది డాష్‌బోర్డ్‌లో ఉంటే చాలు. సీపీయూ ఒక నిమిషం 95 శాతానికి వెళ్ళిందని ఫోన్ చేస్తే నాలుగు రోజుల్లో అందరూ మ్యూట్ చేసేస్తారు, ఐదో రోజు డేటాబేస్ పడిపోయినా ఎవరూ లేవరు. కండిషన్ కనీసం ఐదు నిమిషాలు నిలబడితేనే మోగేలా పెట్టండి. కోర్ స్విచ్ పడితే దాని వెనకున్న నలభై సర్వర్ల మెసేజ్‌లు రాకుండా ఒక్కటే రావాలి, జాబిక్స్‌లో ట్రిగ్గర్ డిపెండెన్సీ, ప్రొమీథియస్ అలర్ట్‌లు పంపే అలర్ట్‌మేనేజర్‌లో ఇన్‌హిబిషన్ రూల్ అందుకే ఉన్నాయి. ప్రతి అలర్ట్‌లో ముందు ఏం చూడాలో రెండు లైన్లు రాయండి, నిద్రలోంచి లేచినవాడికి డాక్యుమెంట్ వెతికే ఓపిక ఉండదు పాపం.

రోజూ నడిచే బ్యాకప్‌లకి ఫెయిల్ అయితే చెప్పు అని కాకుండా, 26 గంటలుగా సక్సెస్ రాలేదంటే చెప్పు అని పెట్టండి, అసలు జాబే మొదలవకపోతే ఫెయిల్ మెసేజ్ పంపేదెవరు?

మానిటరింగ్ సర్వర్ కూడా సర్వరే, అది పడిపోతే అంతా ప్రశాంతంగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఎప్పుడూ మోగుతూ ఉండే ఒక అలర్ట్ పెట్టి వేరే నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో సర్వీస్‌కి పంపిస్తూ ఉండండి, అది రావడం ఆగిన క్షణం ఆ సర్వీస్ మీకు ఫోన్ చేయాలి. అంతా సెట్ చేశాక టీమ్‌కి ముందే చెప్పి ఒక టెస్ట్ సర్వర్‌లో సర్వీస్ మీరే ఆపండి, గడియారం చూస్తూ కూర్చోండి, ఫోన్ ఎన్ని నిమిషాలకి మోగింది, ఎవరికి మోగింది, వాళ్ళు ఎత్తకపోతే తర్వాతి వాళ్ళకి వెళ్ళిందా లేదా రాసుకోండి. ఆన్‌కాల్ లిస్ట్ (ఏ రోజు ఫోన్ ఎవరికి వెళ్ళాలో) మారిన ప్రతిసారీ ఇది మళ్ళీ చేయండి.