నీహారిక ఫోటో తేలిపోతోందా? ముందు నాలుగు మూలలను చూడండి

లక్షణం ఇది. స్టాక్ చేసిన (అనేక ఫ్రేములను ఒక్కటిగా కలిపిన) చిత్రాన్ని ఎంత స్ట్రెచ్ చేసినా (మసక భాగాలను ఎంత వెలిగించినా) నీహారిక పైకి రాదు. ఆకాశం బూడిద రంగుకు తిరుగుతుంది, మూలలు నడిమి భాగం కంటే తెల్లబడతాయి. చాలామంది ఇక్కడే సాచురేషన్ పెంచి మురికిని మరింత చిక్కగా చేస్తారు.

దేవరకొండ దగ్గర తీసిన రోజెట్ నీహారికతో నేనూ ఇలాగే మోసపోయాను. వాయవ్యాన హైదరాబాద్ వెలుగు కనిపిస్తూనే ఉంటుంది గనుక నేరాన్ని దాని మీదికి నెట్టి, సిరిల్ అనే ఖగోళ ఫోటోల సాఫ్ట్‌వేర్‌లో, ఆకాశపు వెలుగును లెక్కగట్టి తీసేసే బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్‌ను మళ్లీ మళ్లీ నడిపాను. పున్నమి చంద్రుడికి రెండింతలకు పైగా వెడల్పున్న ఆ నీహారిక వెలుపలి రేకులను కూడా సాఫ్ట్‌వేర్ ఆకాశపు వెలుగుగానే లెక్కగట్టి తుడిచేసింది. ఊరి వెలుగైతే ఒక పక్క నుంచి వాలుగా వస్తుంది; నాలుగు మూలలూ సమానంగా వెలిగితే తప్పు ఫ్లాట్ల (మూలల్లో తగ్గే వెలుతురును సరిచేయడానికి, సమానంగా వెలిగే తలాన్ని తీసే ఫ్రేముల) లెక్కలో ఉంది. అదే రాత్రి తీసిన మరో నీహారికలోనూ అదే ఆకారం కనిపిస్తే ఇక సందేహం అక్కరలేదు.

కారణం బయాస్. వెలుతురు లేకపోయినా సెన్సర్ ప్రతి పిక్సెల్‌కూ కొంత విలువను కలుపుతుంది. అది 512 అనుకుందాం. ఆకాశం విలువ నడుమ 600, మూలలో 360 ఉంటే ఫైలులో 1112, 872 నమోదవుతాయి. బయాస్‌ను తీసివేయకుండా మూలను ఫ్లాట్‌లోని 0.6తో (అక్కడికి నడిమి వెలుతురులో 60 శాతమే చేరుతుంది) భాగిస్తే 1453 వస్తుంది. నడుమ మాత్రం 1112 దగ్గరే ఉంటుంది. సమానం కావలసిన రెండు చోట్ల మధ్య 30 శాతం తేడా వచ్చిందన్నమాట. కొత్త సెన్సర్లకు డార్కులు (మూత పెట్టి, అసలు ఫ్రేములంత ఎక్స్‌పోజర్‌తోనే తీసేవి), బయాస్ ఎందుకన్న మాట నమ్మి నేను రెండింటినీ వదిలేశాను.

పరిష్కారం సులువు, పైగా పాత డేటాకూ పనికొస్తుంది. లెన్స్ మూత పెట్టి, అదే ఐఎస్ఓలో, కెమెరా ఇవ్వగల అతి తక్కువ ఎక్స్‌పోజర్‌తో యాభై బయాస్ ఫ్రేములను ఇంట్లోనే తీయండి. వాటి మాస్టర్‌ను ఫ్లాట్ల నుంచీ అసలు ఫ్రేముల నుంచీ తీసివేయండి. డార్కులు వాడుతుంటే వాటిలో బయాస్ ఇప్పటికే ఉంటుంది గనుక అసలు ఫ్రేముల నుంచి రెండోసారి తీయవద్దు. ఆ తర్వాతే నీహారికకు దూరంగా కొన్ని నమూనా బిందువులు మాత్రమే పెట్టి, డిగ్రీ 1తో (ఒక పక్కకు వాలే వెలుగును మాత్రమే తీసేలా) ఎక్స్‌ట్రాక్షన్ ఒక్కసారి చేయండి. స్టార్‌నెట్ అనే సాధనంతో నక్షత్రాలను వేరుచేసి, హిస్టోగ్రాం (చీకటి నుంచి వెలుగు దాకా పిక్సెళ్ల పంపిణీని చూపే పటం) ఎడమ అంచు తెగకుండా నీహారికను చిన్న చిన్న అంచెలుగా స్ట్రెచ్ చేస్తే రేకులు తిరిగి వస్తాయి.

ఇంత చేసినా ఎరుపు పలచగానే ఉంటే, మార్పు చేయని కెమెరాలోని ఫిల్టరు 656.3 నానోమీటర్ల హైడ్రోజన్ వెలుగును చాలావరకు ఆపేస్తోందని అర్థం. ఎక్కువ గంటలు తీయడం తప్ప స్లైడర్లతో అది రాదు. ఫ్లాట్లు తీసేటప్పుడు వ్యూఫైండర్ గుండా వెలుతురు దూరడం వంటివి అరుదు. ముందు బయాస్ సంగతి తేల్చుకోండి.