పేరెంట్స్‌కి చెప్పడం నేర్చుకుందాం, 3వ పాఠం: వారానికో చీటీ

"ఈరోజు స్కూల్లో ఏం చేశార్రా?" అని అమ్మ అడుగుతుంది. "ఏం లేదు" అంటాడు వాడు. పొద్దుట్నుంచీ మనం గొంతు పోయేలా చెప్పింది, వాళ్ల చేత చేయించింది, మధ్యలో ఏడ్చినవాళ్లని ఊరుకోబెట్టింది, అంతా కలిపి వాడి లెక్కలో ఏం లేదు. అలాగని వాడు అబద్ధమాడుతున్నాడనుకోకండి. ఆ ప్రశ్న వాడికి మరీ పెద్దది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఒక్క మాటతో తప్పించుకుంటాడు, అంతే. ఈ పాఠంలో టీచర్లుగా మనం నేర్చుకోబోయేది, వారానికోసారి ఇంటికి పంపే చిన్న చీటీతో అమ్మ చేతికి అంతకంటే చిన్న ప్రశ్న అందించడం.

పోయిన పాఠంలో క్లాసు పద్ధతుల కాగితం తయారు చేశాం కదా, బ్యాగు ఎక్కడ పెట్టాలి, లైబ్రరీ ఏ రోజు, ఆలస్యమైతే ఎవరికి చెప్పాలి, హోంవర్క్ డైరీలో ఎక్కడ చూసుకోవాలి, ఇవన్నీ పిల్లాడి రోజు నడిచే వరసలో. అది రాయకపోతే ముందు అది పూర్తి చేసి ఇక్కడికి రండి, ఎందుకంటే ఈ చీటీలో మారినవాటి గురించే చెప్తాం, మామూలుగా ఏం జరుగుతుందో వాళ్లకి ముందే తెలిసి ఉండాలి.

ముందు నా తప్పు చెప్పేస్తాను. కొత్తలో నేను నెలకోసారి రెండు పేజీల ఉత్తరం పంపేదాన్ని, సబ్జెక్టుల వారీగా, పాఠాల పేర్లతో సహా, ఆదివారం కూర్చుని మరీ రాసేదాన్ని. ఒకసారి ఆ రెండో పేజీ మధ్యలో "సోమవారం నుంచి ఆటల పీరియడ్ ఉదయానికి మారింది, బూట్లు వేసి పంపండి" అని ఒక వాక్యం ఉంది. సోమవారం ముప్పై మందిలో బూట్లతో వచ్చింది నలుగురు. వీళ్లు ఏదీ చదవరండీ అని స్టాఫ్‌రూంలో గట్టిగానే అరిచాను. ఆ రాత్రి అదే ఉత్తరం తీసి, రోజంతా పనిచేసి వచ్చి ఇంకా ఇంటిపని మిగిలే ఉన్న మనిషిలా చదువుదామని చూశాను. రాసినదాన్ని నేనే, నాకే ఆ బూట్ల వాక్యం వెంటనే కనపడలేదు.

కాబట్టి చీటీలో అన్నిటికంటే పైన ఏం మారుతోందో, పిల్లాడు ఏం తెచ్చుకోవాలో ఉండాలి. అదీ రెండు మూడు లైన్లలో. "వచ్చే బుధవారం" అని రాయకండి, చీటీ శుక్రవారం రాసి వాళ్లు ఆదివారం చదివితే ఏ బుధవారమో అనే సందేహం వస్తుంది. వారం, తేదీ రెండూ వేయండి. మారిందేమీ లేకపోతే "ఈ వారం మార్పులేమీ లేవు" అని రాయండి, ఆ చోటు ఖాళీ వదలొద్దు. నాలుగు వారాలు అలా చూస్తే, మార్పులు పైనే ఉంటాయని వాళ్ల కళ్లకి అలవాటవుతుంది, ఆ తర్వాత ఎంత హడావుడిలో ఉన్నా పై రెండు లైన్లూ చూస్తారు. ఈ భాగం గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

అసలు పని మధ్య భాగంలో ఉంది, ఈ వారం ఏం నేర్చుకుంటున్నారో చెప్పడంలో.

మనలో చాలామంది ఇలా రాస్తాం: "ఈ వారం గణితంలో రెండంకెల సంఖ్యల తీసివేత జరుగుతున్నది. ఇంటివద్ద అభ్యాసం చేయించగలరు." తప్పేమీ లేదు. కానీ చదివినాయన ఏం చేస్తాడో ఊహించండి. పలక తీసుకుని 42 లోంచి 17 తీసెయ్యమంటాడు. పిల్లాడు తడబడతాడు. ఆయన తనకి చిన్నప్పుడు నేర్పినట్టే, "రెండులోంచి ఏడు పోదు, పక్కింట్లోంచి ఒకటి అప్పు తెచ్చుకో, ఇక్కడ పన్నెండయింది, అక్కడ మూడయింది" అని గబగబా చెప్పేస్తాడు. క్లాసులో మనమేమో పదేసి పుల్లలు కట్టలు కట్టి, కట్ట విప్పి చూపిస్తున్నాం. మర్నాడు వాడు వచ్చి "మా నాన్న వేరేలా చెప్పారు, మీది తప్పంట" అని నిలబడతాడు. నా క్లాసులో ఒక పాప ఇలాగే ఏడ్చింది, ఎవరి మాట వినాలో తెలియక. తండ్రి చెప్పింది తప్పా? కాదు. లెక్క అదే, జవాబూ అదే. ఆయన చెప్పే అప్పు, మనం విప్పే కట్ట రెండూ ఒకటేనని ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సింది నేను.

అదే విషయం ఇప్పుడు నేనిలా రాస్తాను:

"ఈ వారం 42 లోంచి 17 తీసేయడం లాంటి లెక్కలు చేస్తున్నాం. పుల్లల్ని పదేసి చొప్పున కట్టలు కట్టాం. 42 అంటే నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. రెండులోంచి ఏడు తీయలేం కాబట్టి ఒక కట్ట విప్పుతున్నాం. అప్పుడు మూడు కట్టలు, పన్నెండు పుల్లలు అవుతాయి. మీకు తెలిసిన 'అప్పు తెచ్చుకోవడం' ఇదే, ఇంకో రెండు వారాల్లో దాని దగ్గరికే వస్తాం, అప్పటిదాకా కట్టలతోనే ఉండనివ్వండి. ఇంట్లో అడగాల్సిన ప్రశ్న: కట్ట ఎందుకు విప్పాల్సి వచ్చింది?"

చివరి ప్రశ్న చూడండి. దానికి "ఏం లేదు" అనే జవాబు అతకదు. పిల్లాడికి వెంటనే చేతిలో కట్ట గుర్తొస్తుంది, రబ్బరుబ్యాండు ఎగిరి పక్కవాడికి తగలడం గుర్తొస్తుంది, అక్కణ్ణుంచి మాట మొదలవుతుంది. వాడు సరిగ్గా చెప్పలేకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ ఆగిపోయాడో అమ్మకి తెలుస్తుంది. ప్రశ్న ఎంచుకునేటప్పుడు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. క్లాసులో పిల్లలు చేత్తో ముట్టుకున్న వస్తువో, నోటితో అన్న మాటో, కంటితో చూసిందో ఆ ప్రశ్నలో ఉండాలి. "మొక్క భాగాలు చెప్పు" అంటే పరీక్ష అయిపోతుంది, వాడు బిగుసుకుపోతాడు. "మీ గ్రూపు కిటికీ దగ్గర పెట్టిన మొక్క ఎటు వంగింది?" అంటే వాడే చెప్తాడు, ఆపడం కష్టం.

ఇందులో ఇంకో సంగతి ఉంది. పేరెంట్స్‌కి విషయం తెలియజేయడం వేరు, ఇంట్లో పిల్లాడితో ఏం చేయాలో దారి చూపించడం వేరు. బడికీ ఇంటికీ మధ్య సంబంధాల మీద చాలా ఏళ్లు పనిచేసిన జాయిస్ ఎప్‌స్టైన్ తల్లిదండ్రుల భాగస్వామ్యాన్ని ఆరు రకాలుగా విడదీసినప్పుడు ఈ రెంటినీ విడివిడిగానే పెట్టింది. మనం మొదటిది చేసేసి రెండోది కూడా అయిపోయిందనుకుంటాం. "అభ్యాసం చేయించగలరు" అనేది సరిగ్గా అలాంటి మాటే, పని వాళ్ల మీద పెట్టేస్తుంది కానీ ఎలా చేయాలో చెప్పదు.

చిన్న మెసేజ్‌తో ఏమవుతుందిలే అనుకునేవాళ్లకి ఒక ఉదాహరణ. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో నాలుగేళ్ల పిల్లల తల్లిదండ్రులకి వారానికి మూడు టెక్స్ట్ మెసేజ్‌లు పంపి చూశారు. ఒకటి ఫలానా సంగతి ఎందుకు ముఖ్యమో చెప్తుంది, రెండోది ఇంట్లో చేయగలిగిన చిన్న పని చెప్తుంది, పిల్ల పేరులోని మొదటి అక్షరాన్ని దారిలో బోర్డుల మీద చూపించడం లాంటిది, మూడోది ఆ పనినే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తుంది. ఆ తల్లిదండ్రులు ఇంట్లో పిల్లలతో అలాంటి పనులు ఎక్కువగా చేశారు, టీచర్లతో ఎక్కువగా మాట్లాడారు, పిల్లల అక్షర జ్ఞానం కూడా మెరుగైంది. 2014లో వచ్చిన ఆ అధ్యయనంలో నాకు నచ్చింది ఫలితం కంటే ఆ మూడు మెసేజ్‌ల కొలత. ఒక్కోదాంట్లో ఒక్క పనే. మనం ఒక చీటీలో ఎనిమిది పనులు పెట్టి ఒక్కటీ జరగలేదని బాధపడతాం.

ఇక అడుగు భాగం, ఒక్క పిల్లాడి గురించి చేత్తో రాసే ఒక్క లైను. ముప్పై మందికీ ప్రతివారం రాయాలంటే టీచర్ ఉద్యోగం మానేసి అదే పని చేయాలి, కాబట్టి వారానికి ఐదుగురు. ఆరు వారాల్లో అందరూ అయిపోతారు, మళ్లీ మొదటికి. పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుని టిక్కు పెట్టుకోండి, జ్ఞాపకం మీద వదిలితే మీ ఐదుగురూ ఎప్పుడూ అల్లరివాళ్లో ఫస్టు వచ్చేవాళ్లో అవుతారు. మధ్యలో కూర్చుని గొడవ చేయకుండా, చెయ్యీ ఎత్తకుండా ఏడాది గడిపేసే పిల్లలుంటారు చూడండి, వాళ్ల ఇంటికి మన నుంచి ఒక్క మాట కూడా వెళ్లదు. ఆ నోట్‌బుక్ వాళ్ల కోసమే.

ఆ లైనులో ఏం రాయాలి? 2015లో మాథ్యూ క్రాఫ్ట్, టాడ్ రోజర్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. వేసవి క్లాసుల్లో చేరిన హైస్కూల్ పిల్లల ఇళ్లకి వారానికొక్క వాక్యం పంపితే, కోర్సు గట్టెక్కని వాళ్లు 15.8 శాతం ఉండాల్సింది 9.3 శాతమే ఉన్నారు. మనవాళ్లకంటే పెద్ద పిల్లలు, నిజమే, అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు మన క్లాసుకి అతికించలేం. కానీ మెచ్చుకునే వాక్యాల కంటే, ఏం బాగుపరుచుకోవచ్చో చెప్పిన వాక్యాలే ఎక్కువ పనిచేశాయన్నది పట్టుకోండి. అది చదివాక నేను "బాగా చదువుతోంది, ఇంకొంచెం శ్రద్ధ పెడితే ఇంకా బాగుంటుంది" అనే వాక్యం రాయడం మానేశాను. అది ఏ పిల్లకైనా సరిపోతుంది, అంటే ఏ పిల్ల గురించీ కాదు.

దానికి బదులు: "చదివేటప్పుడు తెలియని మాట రాగానే ఆగి నా ముఖం వైపు చూస్తోంది, నేను చెప్పకుండా ఆగితే కూడబలుక్కుని తనే చదువుతోంది. ఇంట్లో కూడా అందించే ముందు మనసులో ఐదు లెక్కపెట్టండి." నేను చూసింది, పిల్ల చేయగలిగింది, వాళ్లు చేయాల్సింది, మూడూ అందులో ఉన్నాయి, నింద లేదు. అయితే పెద్ద సమస్యలు ఈ లైనులో పెట్టకండి. కొట్టుకోవడం, వస్తువులు పోవడం, పిల్లాడు రోజుల తరబడి దిగులుగా ఉండటం, ఇవి రాతలో వెళ్తే ఇంట్లో గొడవ మన కంటికి కనపడకుండా జరుగుతుంది. వాటికి ఫోన్ చేయాలి, ఎలా చేయాలో వచ్చే పాఠంలో చూద్దాం.

ఇంకొన్ని చిల్లర సంగతులు, చిన్నవే కానీ వీటి దగ్గరే నాకు ఎక్కువ దెబ్బలు తగిలాయి. చీటీ ప్రతివారం ఒకే రోజు వెళ్లాలి. వాట్సాప్ గ్రూపులో పెడితే ఎవరో గుడ్‌మార్నింగ్ బొమ్మలు పెట్టి దాన్ని పైకి తోసేస్తారు, కాబట్టి చీటీల కోసం మీరొక్కరే రాయగలిగే గ్రూపు వేరుగా పెట్టుకోండి. ప్రతి ఇంట్లో చదివేది అమ్మో నాన్నో అనుకోకండి, బడి నుంచి తీసుకెళ్లేది తాతగారైతే పై రెండు లైన్లూ ఆయనకీ అందాలి, తల్లీ తండ్రీ వేర్వేరు ఇళ్లలో ఉంటే ఇద్దరికీ వెళ్లాలి. చదవడం రానివాళ్లకి అదే చీటీని వాయిస్ మెసేజ్‌గా పంపండి, నిమిషం దాటకుండా. నేను అందరికీ వాయిస్ కూడా పంపుతాను, ఎవరికి చదవడం రాదో ఎవరూ బయటపడక్కర్లేదు.

ఫోటోల విషయంలో జాగ్రత్త. ఒకసారి పిల్లల బొమ్మలు బాగున్నాయని గోడని ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. బొమ్మల పక్కనే నేను పెట్టుకున్న స్టార్ల చార్టు, పేర్లతో సహా, అందులో పడిందని చూసుకోలేదు. ఒకమ్మాయి వరసలో స్టార్లు లేవు. వాళ్లమ్మ నన్నేమీ అనలేదు, మర్నాడు చార్టు వంక చూస్తూ కాసేపు నిలబడి వెళ్లిపోయింది. ఆ చార్టు ఆ రోజే తీసేశాను. ఒక పిల్ల సంగతి ఇంకో ఇంటికి వెళ్లకూడదనేది నాకు మొదట్నుంచీ తెలుసు, కానీ అది మనం రాసే మాటలకే అనుకున్నాను, ఫోటో మూలకి కూడా వర్తిస్తుందని అప్పుడు తెలిసింది.

జవాబులు ఎప్పుడు చూస్తారో కూడా చీటీ కింద ఒక లైను రాయండి, "సాయంత్రం 4 నుంచి 5 వరకు మెసేజ్‌లు చూస్తాను, అత్యవసరమైతే ఆఫీసుకి ఫోన్ చేయండి" అన్నట్టు. మొదట్లో మొహమాటంగా ఉంటుంది. నెల తిరిగేసరికి రాత్రి పదింటికి వచ్చే మెసేజ్‌లు తగ్గుతాయి, వచ్చినా మీకు టెన్షన్ ఉండదు.

ఈ వారం మీ పని: రాబోయే వారానికి చీటీ రాయండి. పైన మార్పులు, మధ్యలో ఒకే ఒక్క విషయం, దానికో ప్రశ్న, కింద ఐదుగురికి ఐదు లైన్లు, ఎవరి లైను వాళ్ల చీటీ మీదే. మొత్తం అర పేజీ దాటితే మధ్య భాగంలోంచే కోయండి. పంపే ముందు టీచర్ కాని మనిషికెవరికైనా చూపించండి, ఇంట్లో వాళ్లయినా సరే. "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "ఇది చదివాక సోమవారం పొద్దున్న నువ్వేం చేస్తావు, రాత్రికి పిల్లాణ్ణి ఏమని అడుగుతావు?" అని అడగండి. రెంటికీ తడుముకోకుండా జవాబిస్తే పంపేయండి. ఆలోచిస్తూ మళ్లీ కాగితం వైపు చూస్తే, వాళ్ల చూపు ఏ లైను మీద ఆగిందో గమనించి ఆ లైను మార్చండి.

రాసిన చీటీ, అందులోంచి కోసేసిన ముక్కలు కూడా దాచుకోండి, నాలుగో పాఠంలో వాటితో పనుంది.