కొట్టినా, కొట్టబోయినా: పోలీసు ఫిర్యాదు ఎలా రాయాలి

"నా మీద దాడి చేశాడు, తగిన చర్య తీసుకోగలరు." చాలా ఫిర్యాదుల్లో అసలు విషయమంతా ఈ ఒక్క వాక్యంతో అయిపోతుంది. మిగతాదంతా పాత గొడవల చిట్టా. దీంతో స్టేషన్లో పని జరగదు. చెయ్యెత్తాడా, చెంప మీద కొట్టాడా, కర్ర వాడాడా, ఎముక విరిగిందా అన్నదాన్ని బట్టి సెక్షన్ మారుతుంది. సెక్షన్‌ని బట్టే పోలీసులు వెంటనే కేసు కట్టగలరా, కోర్టు ఉత్తర్వు కావాలా అన్నది తేలుతుంది. అందుకే ఫిర్యాదులో నేరం పేరు కాదు, చేతులు చేసిన పని రాయాలి.

చెయ్యి పడకపోయినా కేసే

పేపర్లో, టీవీలో అసాల్ట్ అంటే కొట్టడమే. ఆస్పత్రి కేస్ షీటులో డాక్టరు రాసేదీ ఆ అర్థంలోనే. ఐపీసీ (పాత శిక్షాస్మృతి) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 130వ సెక్షన్ లెక్క వేరు. ఎదుట ఉన్న మనిషికి "ఇప్పుడే నన్ను కొట్టేస్తాడు" అనిపించేలా సైగ చేసినా, అందుకు సిద్ధపడినా అది అసాల్టే. అలా అనిపిస్తుందని చేసేవాడికి తెలిసుంటే చాలు, దెబ్బ తగలనక్కర్లేదు. చట్టంలోనే మూడు ఉదాహరణలున్నాయి: పిడికిలి బిగించి ఊపడం, కరిచే కుక్క మూతికి కట్టిన తొడుగు విప్పబోవడం, కర్ర తీసుకుని "కొడతా" అనడం.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒట్టి మాటలు అసాల్ట్ కావు. కానీ సైగకి అర్థం తెచ్చేది మాటలే. కర్ర పట్టుకుని ఊరికే నిలబడినవాడు వేరు, అదే కర్ర పట్టుకుని "ఇప్పుడే నీ పని చెప్తా" అన్నవాడు వేరు. మాటలు సైగని రద్దు కూడా చేయగలవు. 1669లో ఇంగ్లండ్‌లో ఒకడు కత్తి పిడి మీద చెయ్యేసి, "జడ్జీలు ఊళ్లోకి వచ్చిన రోజులు కాకపోతే ఈ మాటలు పడేవాణ్ణి కాదు" అన్నాడు. జడ్జీలు ఊళ్లోనే ఉన్నారు కాబట్టి ఇప్పుడు కొట్టనని చెప్పినట్టేనని, అది అసాల్ట్ కాదని కోర్టు తేల్చింది. "పెద్దాయనవి కాబట్టి వదిలేస్తున్నా" అన్న మాటతోనూ ఇదే చిక్కు. ఫోన్లో "రేపు చూసుకుంటా" అంటే అది 130 కిందికి రాదు, 351వ సెక్షన్ కింద బెదిరింపు అవుతుంది.

నంబర్ల దగ్గర జాగ్రత్త. పాత ఐపీసీలో 351 అంటే అసాల్ట్, 352 దానికి శిక్ష. కొత్త సంహితలో 351 బెదిరింపు, 352 గొడవ రేపేలా అవమానించడం. పాత నమూనా చూసి నంబర్లు ఎక్కించేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. 2024 జూలై 1కి ముందు జరిగిన ఘటనకి ఐపీసీ, ఆ రోజు నుంచి జరిగినవాటికి సంహిత వర్తిస్తాయి. ఫిర్యాదులో సెక్షన్లు రాయాల్సిన బాధ్యత మీది కాదు, మానేయడమే మేలు.

మెట్లు ఎలా పెరుగుతాయి

అసాల్ట్‌కీ, గాయం చేయకుండా నెట్టడం, లాగడం లాంటి బలప్రయోగానికీ 131వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఒంటికి నొప్పి కలిగితే 115(2): ఏడాది వరకు జైలు, పది వేల వరకు జరిమానా. ఒక్క చెంపదెబ్బ చాలు, రక్తం రానక్కర్లేదు. ఈ రెండూ పోలీసులు కోర్టు ఉత్తర్వు లేకుండా దర్యాప్తు చేయలేని నేరాలు. "స్టేషన్లో పట్టించుకోలేదు" అన్న గొడవల్లో చాలావాటికి మూలం ఇదే.

కత్తిలాంటిదో, ప్రాణం తీయగల వస్తువో, నిప్పో, మరిగే నీళ్లో, జంతువునో వాడి గాయం చేస్తే 118(1), మూడేళ్ల వరకు. కర్ర అయితే ఎంత పొడవు, ఎంత లావు అన్నదాని మీద వాదన నడుస్తుంది, కాబట్టి ఆ వివరం రాయండి. ఎముక గానీ పన్ను గానీ విరిగినా, కీలు తప్పినా, ముఖం శాశ్వతంగా వికారమైనా, 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయం: 117(2), ఏడేళ్ల వరకు. ఐపీసీలో ఈ 15 రోజుల లెక్క 20 రోజులుండేది. 117, 118 సెక్షన్లలో పోలీసులు నేరుగా కేసు కట్టాలి.

స్త్రీ మర్యాదకి భంగం కలిగించే ఉద్దేశంతో చెయ్యి వేస్తే 74వ సెక్షన్, ఏడాదికి తగ్గకుండా అయిదేళ్ల వరకు. ఇదీ నేరుగా కేసు కట్టాల్సిన నేరమే, బెయిలు హక్కు ఉండదు. ఆమె చెప్పింది మహిళా అధికారే నమోదు చేయాలి.

రాత

తారీఖు, సుమారు సమయం, స్థలం, ఎవరు ఎవరికి ఎంత దూరంలో ఉన్నారు, ఏ చెయ్యి, ఏ వస్తువు, ఒంట్లో ఎక్కడ, ఎన్నిసార్లు, ఏ మాటలు, ఎవరు చూశారు, ఎలా ఆగింది. ఈ వరసలో రాస్తే ఒక పేజీ దాటదు. గోడ తగాదాలో ఒక ముక్క ఇలా ఉంటుంది:

"ఆదివారం సాయంత్రం సుమారు 6.30కి మా ఆవరణలో మొక్కలకి నీళ్లు పోస్తుండగా పక్కింటి ఫలానా ఆయన గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. గోడకి ఆనించిన గడ్డపారని రెండు చేతులతో ఎత్తి, నాకు రెండడుగుల దూరంలో నిలబడి 'ఇంకో ఇటుక పెట్టావంటే కాళ్లు విరగ్గొడతా' అన్నాడు. నేను వెనక్కి తగ్గి అరుగు ఎక్కాను. ఎదురింటి ఫలానా ఆమె వచ్చి అడ్డుపడ్డారు. అతను గడ్డపార పడేసి, ఎడమ చేత్తో నా కుడి చెంప మీద ఒకసారి కొట్టి వెళ్లిపోయాడు."

ఒక్క సెక్షన్ పేరు లేకుండానే ఇందులో నాలుగు నేరాలున్నాయి. గడ్డపార ఎత్తడం అసాల్ట్. చెంపదెబ్బ 115. సొంత స్థలంలో ఇటుక పెట్టనివ్వకుండా కాళ్లు విరగ్గొడతాననడం 351 కింద బెదిరింపు. భయపెట్టాలని ఆవరణలోకి చొరబడటం 329. ఇందులో చివరిది నేరుగా కేసు కట్టదగినది. పోలీసులు, కోర్టులు నడవాల్సిన పద్ధతి చెప్పే నాగరిక సురక్షా సంహిత 174(4) ప్రకారం ఒకే ఘటనలో అలాంటి నేరం ఒక్కటున్నా మిగతావన్నీ దాని వెంటే నడుస్తాయి. దారికి అడ్డంగా నిలబడి కదలనివ్వకపోయినా అంతే, అది 126వ సెక్షన్. "గేటు తోసుకుని" అన్న రెండు మాటలు వదిలేసినవాళ్లు కోర్టు ఉత్తర్వు కోసం తిరగాల్సి వస్తుంది. అలాగని జరగనిది చేర్చకండి. మెడలో గొలుసు లాక్కున్నారని, ఇంట్లో లేని బావమరిదీ వచ్చాడని కలిపితే క్రాస్ ఎగ్జామినేషన్లో ముందు ఊడేది అదే, నిజమైన చెంపదెబ్బని కూడా వెంటబెట్టుకుపోతుంది.

"అసభ్య పదజాలంతో దూషించాడు" అనీ రాయొద్దు. అన్న తిట్టు అన్నట్టే రాయాలి. రాయడానికి మొహమాటంగా ఉంటుంది, నిజమే. కానీ ఆ మాటలు లేకపోతే బెదిరింపో అవమానమో జడ్జికి తెలిసే దారి లేదు.

ఆస్పత్రి ముందా, స్టేషన్ ముందా

దెబ్బ తగిలితే ఆస్పత్రే ముందు. ప్రభుత్వాసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా (పోలీసులకి తెలపాల్సిన గాయం కేసుగా) రాయించుకోండి. స్టేషన్‌కి సమాచారం వాళ్లే పంపుతారు. స్టేషన్‌కి ముందు వెళ్తే పోలీసులే లెటరు ఇచ్చి ఆస్పత్రికి పంపుతారు. ఎలా తగిలిందని డాక్టరు అడిగినప్పుడు పరువు కోసం "మెట్ల మీద పడ్డా" అంటే ఆ మాట కాగితం మీదికి ఎక్కుతుంది, తర్వాత ఎవరూ చెరపలేరు. ఎవరు, దేంతో, ఎప్పుడు కొట్టారో అక్కడే చెప్పండి.

వూండ్ సర్టిఫికెట్‌లో గాయం రకం, కొలతలు, సింపుల్ (మామూలు) లేదా గ్రీవియస్ (తీవ్ర) అన్న డాక్టరు అభిప్రాయం ఉంటాయి. ఫిర్యాదుకీ దీనికీ పొంతన కుదరాలి. కత్తితో కోశాడని మీరు రాశారు, గాయం అంచులు చిట్లి గరుకుగా ఉన్నాయి: అది మొద్దు వస్తువు దెబ్బ అని డాక్టరు రాస్తారు, అవతలి లాయరుకి ఆ ఒక్క గీత చాలు. చీకట్లో ఏ వస్తువో కనపడకపోతే కనపడలేదనే రాయండి. ముక్కు మీదో పన్ను మీదో దెబ్బయితే ఎక్స్‌రే అడగండి. విరిగిందని తేలితే పోలీసులు సెక్షన్ మార్పు మెమో కోర్టుకి పంపుతారు. కమిలిన చోటు మర్నాటికి గానీ రంగు తేలకపోవచ్చు, అప్పుడు మళ్లీ చూపించి రాయించుకోండి. 15 రోజుల లెక్కకి ఓపీ చీటీలు, ఆఫీసు సెలవు కాగితాలు దాచాలి.

రక్తం అంటిన బట్టలు ఉతక్కుండా నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టండి, ప్లాస్టిక్‌లో కుళ్లిపోతాయి. వీడియో ఉంటే తీసిన ఫోన్ని అలాగే ఉంచండి. వాట్సాప్‌లో తిరిగిన కాపీ కన్నా అసలుకే విలువ. కాపీని కోర్టుకిచ్చేటప్పుడు సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి.

స్టేషన్లో

ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. వాళ్లు జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కి పంపుతారు. ఆన్‌లైన్లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. తీసుకున్నాక సెక్షన్ల గడి చూడండి. గడ్డపార సంగతి రాసినా 115 ఒక్కటే కనిపిస్తే అక్కడే అడగండి.

కోర్టు ఉత్తర్వు కావాల్సిన నేరమే అయితే జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ రికార్డులో) ఎక్కించి మిమ్మల్ని మెజిస్ట్రేట్ దగ్గరికి పంపాలి. డైరీ ఎంట్రీ నంబరు తీసుకోకుండా బయటికి రావొద్దు. కేసు కట్టాల్సిన నేరమైనా కట్టనంటే అదే ఫిర్యాదుని ఎస్పీకి పోస్టులో పంపి రసీదు దాచండి, కమిషనరేట్ పరిధిలో కమిషనర్‌కి. అక్కడా కదలకపోతే మెజిస్ట్రేట్‌కి అఫిడవిట్‌తో దరఖాస్తు. లేదంటే నేరుగా ప్రైవేటు కంప్లయింటు వేయొచ్చు.

అవతలివాళ్లు కౌంటర్ కేసు పెట్టడం ఈ తగాదాల్లో దాదాపు రివాజు. మీరూ చెయ్యి చేసుకుని ఉంటే దాచకండి. "నన్ను వదిలించుకోడానికి నెట్టాను" అని మొదటి ఫిర్యాదులోనే ఉంటే అది ఆత్మరక్షణ; అవతలి వీడియోలో బయటపడితే సాకులా కనిపిస్తుంది.

విదేశాల్లో ఉంటే

ఇక్కడి అర్థాన్ని అక్కడికి మోసుకెళ్లొద్దు. ఇంగ్లండ్‌లో ఫోన్ చేసి మాట్లాడకుండా ఊరుకోవడం కూడా అసాల్ట్ కావచ్చని 1997లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. కాలిఫోర్నియాలో కొట్టబోవడం అసాల్ట్, కొట్టడం బ్యాటరీ. టెక్సాస్‌లో రెండూ అసాల్ట్ కిందికే వస్తాయి: ఊరికే బెదిరిస్తే సాధారణంగా 500 డాలర్ల లోపు జరిమానా, నొప్పి కలిగించేలా కొడితే ఏడాది వరకు జైలు. రూమ్మేట్‌ని "ఒక్కటిస్తా" అంటూ మీదికెళ్లడం మనకి మామూలే అయినా అక్కడ 911కి ఫోన్ వెళ్తుంది. ఆ అరెస్టు గురించి తర్వాత అమెరికా వీసా ఫారంలో అడుగుతారు, శిక్ష పడకపోయినా చెప్పాల్సిందే.

ఇక గడువు. ఏడాది వరకు శిక్ష ఉన్న 131, 115(2) లాంటివాటిని ఏడాదిలోగా కోర్టు ముందుకు తీసుకెళ్లాలి. మూడేళ్ల వరకు శిక్ష ఉన్నవాటికి మూడేళ్లు. "పెద్దమనుషుల్లో మాట్లాడుకుందాం" అంటూ నెలలు గడిపేవాళ్లు ముందు డైరీ ఎంట్రీ, వూండ్ సర్టిఫికెట్ చేతికి వచ్చాకే ఆ మాటలకి కూర్చోవాలి. చిన్న గాయాల కేసులో దెబ్బ తిన్న మనిషి ఒప్పుకుంటే తర్వాత లోక్ అదాలత్‌లోనైనా రాజీ పడొచ్చు.