ఏండ్లసంది షుగర్ ఉన్న పెద్దోళ్లకు గుండె టెస్టులు ఎట్ల చేపియ్యాలి?

పది పదిహేనేండ్లసంది షుగర్ ఉన్న అమ్మకో నాయినకో ఛాతీల నొప్పి లేస్తే అప్పుడు చూద్దాం అనుకోకండి, ఎందుకంటే షుగర్ వల్ల నరాలు దెబ్బతిని కొందరికి ఆ నొప్పే తెల్వది, గుండెకు రక్తం సరిగ పోకున్నా ఉత్త దమ్మే వస్తది.

ఫస్ట్ ఇంట్ల గమనించండి. మొన్నటిదాక బాయి కాడికి ఆగకుండ పోయిన మనిషి ఇప్పుడు నడుమ గట్టు మీద కూసుంటుండా, సాయంత్రానికి కాళ్లు వాస్తున్నయా, రాత్రి ఊపిరాడక లేస్తుండా? వయసు మీద పడ్డది కదా అని వదిలెయ్యకండి, అన్నీ చీటీ మీద రాసి డాక్టర్‌కు చూపియ్యండి.

తర్వాత బీపీ, మూడు నెలల షుగర్ (HbA1c), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీ ఎట్ల పనిచేస్తుందో చెప్పే రక్త పరీక్ష), మూత్రంల అల్బుమిన్ (ఒక రకం ప్రొటీన్) చూపియ్యండి. ఈ చివరిది చానామంది చేపియ్యరు గానీ అల్బుమిన్ పోతుందంటే కిడ్నీకే కాదు గుండెకు గూడ రిస్క్ ఎక్కువ. నల్లగొండల, పాలమూరుల తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌లున్నయి, పీహెచ్‌సీల డాక్టర్ రాస్తే శాంపిల్ అక్కడ్నే తీసుకుంటరు, టెస్టులు ఫ్రీ. పరిగడుపున పోవాల్సి వస్తే ఏ గోలీ ఆపాలె, ఇన్సులిన్ ఎంత తీసుకోవాలె అని ముందురోజే అడగండి, గోలీ వేసుకుని ఏం తినకుండ బస్సెక్కితే దారిలనే షుగర్ పడిపోతది.

ఈసీజీ గూడ తీపియ్యండి, కాకపోతే నార్మల్ వచ్చింది కాబట్టి బ్లాకుల్లేవు అనుకోవద్దు, పండుకున్నప్పుడు తీసిన ఈసీజీల అన్నీ దొరకవు. దమ్ము, వాపు ఉంటే టూడీ ఎకో రాస్తరు, గుండె ఎంత పంపు చేస్తుందో దాంట్ల తెలుస్తది. ట్రెడ్‌మిల్ టెస్టు రాస్తే మోకాళ్ల నొప్పులున్నయని ముందే చెప్పండి, నడవలేనోళ్లకు మందు ఎక్కించి చేసే స్ట్రెస్ టెస్టులు వేరే ఉంటయి.

ఏ ఇబ్బందీ లేనోళ్లకు ప్యాకేజీ చూసి సీటీ యాంజియోగ్రామ్ (డై ఎక్కించి గుండె రక్తనాళాలు చూసే స్కాన్) చేపియ్యడం మాత్రం నాకు నచ్చదు. అమెరికా, కెనడాల లక్షణాల్లేని 1,123 మంది షుగర్ పేషెంట్ల మీద చేసిన స్టడీ 2009ల వచ్చింది, వాళ్లల్ల సగం మందికి గుండె స్కాన్ (సీటీ గాదు, గుండెకు రక్తం ఎట్ల పోతుందో చూసేది) చేసినా చెయ్యనోళ్లకంటే హార్ట్ ఎటాక్‌లేం పెద్దగ తగ్గలే. సీటీల ఎక్కించే డై బలహీనంగున్న కిడ్నీకి మంచిది గాదు, డాక్టర్ అవసరమని రాస్తే క్రియాటినిన్ రిపోర్ట్ చూపించినంకనే పోండి.

ఉన్నట్టుండి చెమటలు పట్టి, దమ్మొచ్చి, వాంతి అయితే షుగర్ పడిపోయిందనుకుని చక్కెర పెట్టి పండుకోబెట్టకండి. గ్లూకోమీటర్‌ల చూడండి, తక్కువుంటే చక్కెర ఇయ్యండి, తక్కువ లేకున్నా, చక్కెర ఇచ్చినా తగ్గకున్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, మీటర్ లేకుంటే దానికోసం ఆగకండి.