బజారుకి వెళ్లే ముందు రింగు బిగించండి

ఎంబ్రాయిడరీ నేర్చుకుందాం అనుకున్న చాలామంది మొదట చేసే పని షాపింగ్. వంద రంగుల దారాల డబ్బా, గుడ్డని బిగించి పట్టే రింగులు మూడు సైజుల్లో, జానెడు కత్తెర, ఏదో వీడియోలో చూసిన చెరిగిపోయే పెన్నులు, అన్నీ ఒకేసారి కొనేస్తారు, ఆ సంచి అలాగే బీరువా మీదికెక్కి మళ్లీ పండక్కి ఇల్లు దులిపినప్పుడే కిందికి దిగుతుంది. నేను చెప్పేది తిరగేసిన పద్ధతి. ముందు ఇంట్లో ఉన్నదాంతో ఒక కొమ్మో పువ్వో మొదలుపెట్టండి, సగం అయ్యాక ఆ గుడ్డని రింగుతో సహా సంచిలో వేసుకుని శనివారం బజారుకి బయల్దేరండి. "ఈ పచ్చకి ఒక షేడు లేతది కావాలన్నా" అని గుడ్డ చూపిస్తే కౌంటర్ వెనక మనిషి సరాసరి ఆ డబ్బానే తీస్తాడు. ఉత్త చేతుల్తో వెళ్తే మాత్రం ఆయన చూపించినవన్నీ మనకి కావాల్సినవే అనిపిస్తాయి.

మొదలుపెట్టడానికి ఏం కావాలి? షిఫాన్, జార్జెట్ జోలికి పోకండి, జారిపోతాయి. పాత కాటన్ దుప్పటి ముక్క చాలు, లేదంటే అరమీటరు కేస్‌మెంట్ గుడ్డ, నేత దట్టంగా ఉన్నా సూది సులువుగా దిగుతుంది. కొత్త గుడ్డయితే ముందు నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసుకోవాలి. గంజి పోతుంది, కాటన్ కుంచించుకునేదేదో ముందే కుంచించుకుంటుంది. ఈ పని బద్ధకించి నేరుగా కుట్టేస్తే మొదటి ఉతుక్కే పువ్వు చుట్టూ ముడతలు లేస్తాయి, ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా పోవు. రింగు 6 అంగుళాలది ఒక్కటి తీసుకోండి. చెక్కదయితే లోపలి రింగుకి పాత నూలు గుడ్డ పీలిక చుట్టండి, పట్టు బాగుంటుంది. బిగించాక గుడ్డ మీద వేలితో కొడితే డప్పులా మోగాలి. పని ఆపిన ప్రతిసారీ రింగు తీసేయండి, వారం పాటు అలాగే వదిలేస్తే ఆ గుండ్రటి గుర్తు ఒక పట్టాన వదలదు.

దారం దగ్గరే ఎక్కువ మంది తడబడతారు. యాంకర్ కంపెనీ దారం లచ్చి ఒక్కోటి 8 మీటర్లు, అందులో 6 పోగులు. ఆ ఆరు పోగులూ కలిపి సూదికి ఎక్కించేస్తే పని మోటుగా వస్తుంది. ఒక మూర దారం కత్తిరించండి, అంతకన్నా పొడుగైతే చిక్కు పడుతుంది, గుడ్డకి అన్నిసార్లు రాసుకుని నూగు కూడా లేస్తుంది. కొసని ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, విడిపోయిన పోగుల్లోంచి ఒక్కదాన్ని పట్టి నిలువుగా పైకి లాగండి. మిగతా ఐదూ వేళ్ల కింద గుత్తిగా ముడుచుకుపోతాయి, చూస్తే చిక్కుపడిపోయిందేమో అని టెన్షన్ వస్తుంది, కానీ లాగుతున్న పోగు పూర్తిగా బయటికి వచ్చేయగానే అవి వాటంతట అవే సాఫీగా విడిపోతాయి. రెండు పోగులు కలిపి లాగితే మాత్రం నిజంగానే చిక్కు. ఇలా ఒక్కొక్కటీ తీసి, రెండో మూడో మళ్లీ పక్కపక్కన చేర్చి ఎక్కించుకోవాలి. సన్న కాడలకి రెండు, ఆకులు నింపడానికి మూడు. సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, మొదట్లో 7వ నంబరు ఎంబ్రాయిడరీ సూది సరిపోతుంది.

కుట్లు బోలెడున్నాయి, కానీ కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్), గొలుసు కుట్టు (చైన్ స్టిచ్), కాజా కుట్టు (బటన్‌హోల్ స్టిచ్), ఈ మూడూ చేతికి వస్తే దిండు గలీబులు, కుర్తా మెడలు, సంచులు అన్నీ నడిచిపోతాయి. కాడ కుట్టులో కిటుకు ఒక్కటే, దారం ఎప్పుడూ గీతకి ఒకే పక్కన ఉండాలి, ఒకసారి పైన ఒకసారి కింద అయితే కాడ అక్కడికక్కడ విరిగినట్టు కనిపిస్తుంది. గొలుసు కుట్టుని బిగించి లాగకండి, కన్ను మూసుకుపోతుంది. మొదట్లో ముడి వేసే అలవాటు కూడా మానుకోండి. రెండంగుళాల కొస వెనక వదిలేసి, తర్వాత దాన్ని సూదితో కుట్ల కిందికి దూర్చేయండి. జాకెట్టు మీద ముడి ఒంటికి గుచ్చుకుంటుంది. కుషన్ కవరయితే లోపలివైపు ఎవరు చూస్తారు, వేసుకోండి.

డిజైను దించడానికి పగటిపూట కిటికీ అద్దం చాలు. కాగితం అద్దానికి అంటించి, దానిమీద గుడ్డ పెట్టి పెన్సిల్‌తో గీసుకోవడమే. ముదురు రంగు గుడ్డకయితే పసుపు కార్బన్ కాగితం వాడండి. బాల్ పెన్ను వద్దు, మరక పోదు. మగ్గం వర్కు వాళ్లు ట్రేసింగ్ కాగితానికి గీత వెంబడి సూదితో బెజ్జాలు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన జింకు పొడిని దానిమీద రుద్దుతారు, ఒకే డిజైను పదిసార్లు దించాలంటే అంతకన్నా తేలికైన దారి లేదు, కానీ ఒక్క దిండు గలీబు కోసం ఇంట్లో ఆ వాసన ఎందుకు.

అద్దాల పని మాత్రం తీరిగ్గా నేర్చుకోవాలి. అద్దానికి బెజ్జం ఉండదు కాబట్టి దాన్ని దారాల చట్రంలో బంధించాలి. అద్దాన్ని గుడ్డ మీద పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకోండి. దాని మీదుగా రెండు నిలువు దారాలు వేయండి, తర్వాత రెండు అడ్డం, అడ్డదారం నిలువుదారాన్ని దాటే ప్రతిచోటా దాని చుట్టూ ఒక చుట్టు తిప్పి పోవాలి. మధ్యలో చిన్న గడి ఏర్పడుతుంది. దానిమీద ఇలాగే ఐమూలగా ఇంకో నాలుగు దారాలు. ఈ చట్రం ఎంత బిగుతుగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే ఆ తర్వాత చుట్టూ వేసే కాజా కుట్టు దాన్ని అంచువైపు లాగుతుంది, అప్పుడే మధ్యలో అద్దం గుండ్రంగా తెరుచుకుంటుంది. సూదిని చట్రం కిందనుంచి దూర్చి లాగండి, పక్కనే గుడ్డలో ఒక చిన్న కుట్టు వేయండి, మళ్లీ చట్రం కింద నుంచి, మళ్లీ గుడ్డలో, అలా గుండ్రంగా తిరిగి వచ్చేయాలి. చట్రం వదులైతే అద్దం నాలుగు ఉతుకుల్లో ఊడి బకెట్లో పడుతుంది. కొనేటప్పుడు అద్దాల అంచు మీద ఒక దారం ముక్క రాసి చూడండి. దారం తెగితే ఆ పాకెట్టు వద్దు.

ఇప్పుడు హైదరాబాద్ బజారు. హోల్‌సేల్ షాపులు ఆదివారం చాలావరకు మూసే ఉంటాయి కాబట్టి గుడ్డలు, దారాలు, లేసుల పని శనివారం పెట్టుకుని, ఆదివారం చూడ్డానికి, నేర్చుకోవడానికి ఉంచుకోండి. బజారు సంచిలో ఏముండాలంటే, కుడుతున్న గుడ్డ, వాడిన దారాల లేబుళ్లు (రంగు నంబరు దానిమీదే ఉంటుంది, పారేయకండి), కొలతటేపు, చిల్లర. రంగు కలిసిందో లేదో ట్యూబులైటు కింద తేల్చుకోకండి, రెండూ పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి ఎండలో చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు, అందరూ చేసేదే. పన్నా (గుడ్డ వెడల్పు) ఎంతో అడక్కుండా మీటర్లు చెప్పొద్దు. 36 అంగుళాల పన్నాకీ 44 అంగుళాల పన్నాకీ కుర్తా దగ్గర చాలా తేడా వస్తుంది.

సికింద్రాబాద్ జనరల్ బజార్ సందుల్లో జాకెట్టు గుడ్డలు, లైనింగులు, బటన్లు, లేసులు అన్నీ ఒకేచోట దొరుకుతాయి, మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇదే నయం. ఎంబ్రాయిడరీకి కట్ పీసులు చాలా పనికొస్తాయి, అరమీటరు ముక్కకి తాను ధర ఎందుకు పెట్టాలి? కాకపోతే "ప్యూర్ కాటన్ అక్కా" అన్న మాటని అలాగే నమ్మేయకండి. "అంచు దగ్గర రెండు పోగులు ఇవ్వన్నా" అని అడిగి తీసుకుని, ఇంట్లో స్టీలు పళ్లెంలో పెట్టి కాల్చి చూడండి. కాటన్ కాగితం వాసనతో కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది, పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన. మరీ షాపులోనే అగ్గిపుల్ల గీయకండి తల్లీ.

జరీ అంచులు, గోటా (మెరిసే రిబ్బను), పూసలు, కుందన్లు కావాలంటే పాతబస్తీకి వెళ్లాల్సిందే. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా వెళ్లి అక్కణ్నుంచి ఆటో ఎక్కండి, కారు తీసుకెళ్తే పార్కింగ్ వెతకడంలోనే సగం పూట పోతుంది. మదీనా దగ్గర గుడ్డలు, పత్తర్‌గట్టి దాటి చార్మినార్ పక్కకి తిరిగితే లాడ్ బజార్. అక్కడి లక్క గాజులకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, అందరి కళ్లూ వాటిమీదే ఉంటాయి, మనం కాస్త కళ్లు తిప్పి అంచుల షాపులు పట్టుకోవాలి. పొద్దున్నే వెళ్లి లాభం లేదు, షాపులు తీరిగ్గా తెరుస్తారు. అలాగని సాయంత్రం వెళ్తే జనం. పదకొండూ పన్నెండు మధ్య చేరితే బోణీ బేరం మీకే దక్కవచ్చు. హిందీ, తెలుగు కలగలిపి మాట్లాడినా పని జరిగిపోతుంది. "కిత్నా భాయ్" అని అడిగి, చెప్పిన ధర విని కాసేపు ఏమీ అనకుండా అంచు తిరగేసి చూస్తూ ఉండండి, సగం బేరం ఆయనే ఆడేస్తాడు. కొన్ని షాపుల్లో రోలు మొత్తం తీసుకుంటేనే ఇస్తారు, అలాంటప్పుడు కుట్టే స్నేహితురాలు పక్కన ఉంటే చెరిసగం పంచుకోవచ్చు.

ఆదివారం శిల్పారామం, చేతిపనులవాళ్లు స్టాళ్లు పెట్టే చోటు. మాదాపూర్‌ది హైటెక్ సిటీ మెట్రోకి దగ్గర, ఉప్పల్ వైపు వాళ్లకి అక్కడే ఇంకోటుంది. ఇక్కడ కొనడం కన్నా తిరగేసి చూడడం ముఖ్యం. ఏ చేతిపని గుడ్డయినా వెనక్కి తిప్పండి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ అయితే పైన ఎన్ని రంగులున్నా వెనక ఎక్కువగా ఒకటే తెల్లదారం నడుస్తుంది. చేతిదయితే పైన ఏ రంగో వెనకా అదే రంగు, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి దాటిన దారాలు, దూర్చిన కొసలు కనిపిస్తాయి. ఒకరు కుట్టిన పని వెనకభాగం చూస్తే ఎక్కడ మొదలుపెట్టారు, ఎటు తిరిగారు అన్నది చదివేసుకోవచ్చు, ఏ క్లాసులోనూ ఇంత చెప్పరు. పోచంపల్లి ఇక్కత్‌కీ ఇదే పరీక్ష. పోగుల్ని ముందే కట్టి రంగు వేసి నేస్తారు కాబట్టి రెండు వైపులా రంగు దాదాపు ఒకేలా ఉంటుంది, డిజైను అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. వెనక వెలవెలబోతే అది ప్రింటు. స్టాల్లో నేసినవాళ్లో కుట్టినవాళ్లో ఉంటే, రద్దీ లేనప్పుడు పలకరించండి, ఫోటో మాత్రం అడిగి తీయండి. ఇక్కడ గీచి గీచి బేరం ఆడడం నాకు నచ్చదు. లాడ్ బజార్ అంచు మిషను మీద తయారైంది, ఇక్కడున్నది ఒక మనిషి వారాల పని, రెంటికీ ఒకే బేరం ఏంటి?

సిద్దిపేట గొల్లభామ చీర కనిపిస్తే ఆ బొమ్మని బాగా గమనించండి. నెత్తిన కుండ పెట్టుకున్న ఆ బొమ్మ నేతలో పోగులు లెక్కపెట్టి తీర్చింది, గళ్ల కాగితం మీద చక్కగా దించుకోవచ్చు, మాటీ గుడ్డ (గళ్లు లెక్కపెట్టుకునేలా నేసిన గుడ్డ) మీద క్రాస్ స్టిచ్‌కి (ఇంటూ గుర్తు కుట్టుకి) అంతకన్నా మంచి డిజైను వెతకాల్సిన పనిలేదు. పొద్దున ఖాళీ ఉంటే అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాలు ఒక చుట్టు చుట్టి రండి, అదృష్టం బాగుంటే డిజైన్ల పుస్తకాలు దొరుకుతాయి.

కొని తెచ్చినవాటిలో ఎరుపు, మెరూన్, కలంకారీ గుడ్డలుంటే తెల్లటి తడిగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దండి. రంగు అంటితే దాన్ని విడిగా ఉతకాలి, దానిమీద లేత రంగు దారం వాడకూడదు. పని పూర్తయిన గుడ్డని చల్లటి నీళ్లలో తేలికపాటి సోపుతో చేత్తోనే ఉతకండి, మెలితిప్పి పిండొద్దు. టర్కీ టవలు మడిచి దానిమీద బోర్లా పరిచి వెనకనుంచి ఇస్త్రీ చేస్తే కుట్టు అణిగిపోకుండా పైకి లేచి ఉంటుంది. అద్దాలున్న చోట ఇస్త్రీ పెట్టె అంచు దారాలకి తగులుకుంటుంది, అక్కడ చుట్టూ తిప్పి పోనివ్వండి.